రెండు సీసాల రక్తం

అమీర్‌పేట టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నాగేశ్వరి గారు కూర్చోవడం ఎవరూ చూడలేదు. మేడం భలే స్ట్రిక్టు అనుకునేవారు కుర్రాళ్లు. కుర్చీ పాడవుతుందన్న భయంతో నిలబడుతోందని వాళ్లకెవరు చెబుతారు? నలభై రెండేళ్ల మనిషికి నెలలో పన్నెండు రోజులు, మడిచిన పాతచీర గుడ్డ గంటకొకటి తడిసిపోయేది. మెట్లెక్కితే కళ్లు తిరిగేవి. ఆడజన్మ అన్నాక తప్పదమ్మా అని ఓదార్చేవాళ్లకు కొదవలేదు. ఆ ఓదార్పుతో ఒక్క చుక్క ఆగలేదు.

గర్భసంచి తీసేయడమే దారని ఇద్దరు డాక్టర్లు చెప్పారు. రెండు నెలల సెలవంటే ఉద్యోగం పోయినట్టే. 1988 వేసవిలో పంజాగుట్ట నర్సింగ్‌హోంలో డాక్టర్ వహీదా ఇంకో దారి చూపించింది. బొంబాయి నుంచి ఒక సర్జన్ కొత్త పరికరంతో వస్తున్నాడు, శనివారం దాకా ఉంటాడు. కోత లేదు, కుట్టు లేదు. సన్నని గొట్టం లోపలికి పంపి, చూస్తూ, గర్భసంచి లోపలి పొరను కరెంటు వేడితో కాల్చేస్తారు. నెలసరి బాగా తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది. మర్నాడే ఇంటికి. ఇక పిల్లలు వద్దనుకున్నవాళ్లకే చేస్తారట. ఇద్దరు పిల్లల తల్లికి అదొక షరతులా తోచలేదు. ముక్క తీసి పరీక్ష చేయిస్తే క్యాన్సరూ లేదని తేలింది.

అడ్డుపడింది రక్తం. ఒంట్లో ఉండాల్సిన దాంట్లో సగమే ఉంది. శుక్రవారం లోపు రెండు సీసాలు ఎక్కిస్తే తప్ప మత్తు ఇవ్వరు. బ్లడ్‌బ్యాంకు వాళ్లు సీసాకు సీసా బదులుగా మనవాళ్లెవరైనా రక్తమివ్వాలన్నారు.

భర్త చక్రపాణికి షుగరు, పనికిరాడన్నారు. రోజూ పొద్దున్నే దండీలు తీసే మరిది, రక్తమిస్తే ఏడాది దాకా నీరసం పోదటగా అని ఆ సాయంత్రమే కాకినాడ బస్సెక్కాడు. నర్సింగ్‌హోం ఆయా లచ్చమ్మ ఒక్కతే చెయ్యి చాపింది. పరీక్ష చేస్తే ఆమెకూ రక్తం తక్కువే.

"నాకు సుత మీ లెక్కనే అయితది మేడం. ఎవలకు చెప్పాలె?" అని నవ్వేసింది.

బుధవారం నాగేశ్వరి మొగుణ్ణి నిలదీసింది. "ఆఫీసులో అడిగారా?"

"ఏమని అడగను? ఏం జబ్బంటారు కదా."

"ఉన్నదే చెప్పండి."

"యాక్సిడెంటైతే నోటీసు బోర్డులో పెట్టేవాణ్ణి. ఇదెలా చెప్పమంటావే?"

ఆమె అన్నం ముట్టలేదు. పెళ్లాం ప్రాణం కన్నా ఈయనకు పరువే ఎక్కువని మండిపడింది.

గురువారం క్లాసులో నలభై మంది కూర్చుని ఉన్నారు. అందరూ ఇరవై దాటినవాళ్లే, ఒక్కొక్కడూ గుర్రంలా ఉన్నాడు. అడిగితే ఇద్దరు రాకపోతారా? ఆమె బల్ల మీద చరిచింది. యంత్రాల మోత ఆగింది. నలభై ముఖాలు ఇటు తిరిగాయి.

"మీలో ఎవరికైనా..." అంది. చూపు ముందు బల్ల మీది టైపు మిషను వైపు తిప్పుకుంది. "ఎవరికైనా రిబ్బను మార్చాలా?"

ఒకడు చెయ్యెత్తాడు. వెళ్లి మార్చింది.

శనివారం సర్జన్ పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడొస్తాడో వహీదాకు తెలియదు. గర్భసంచి తీయించుకోవాలన్నా ఆ రెండు సీసాలు కావలసిందే. ఐరన్ మాత్రలు రాస్తూ డాక్టరమ్మ అడిగింది.

"మీ తాన మస్తు మంది స్టూడెంట్లుంటరు గద. ఒక్కడు సుత ఒప్పుకోలేదా అమ్మా?"

నాగేశ్వరి చీటీ అందుకుంది.

"లేదండీ. అందర్నీ అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు."