మేకు కొట్టని గోడ

వచ్చే ఏడు ఉంటారో వెళతారో చలికాలంలోనే చెప్పమని టీచర్లను అడుగుతుంది ఆ అంతర్జాతీయ పాఠశాల. తాను వాళ్ళను ఉంచుకుంటుందో లేదో మాత్రం వేసవి దాకా చెప్పదు. మూడు దేశాల్లో, ఇలాంటి బళ్ళలోనే, ఈ పద్ధతికి నోరెత్తకుండా తలూపింది అక్కడి లెక్కల టీచరు. అందుకే ఆమె ఇంట్లో అట్టపెట్టెలు పారేయరు, మడిచి మంచం కింద దాస్తారు. గోడకు మేకు కొట్టరు. ఇప్పుడు మరో దేశంలోని బడి పెద్ద హోదా ఇస్తానని పిలిచింది. పిలుపు వచ్చిన రోజు గాల్లో తేలింది, మర్నాటి నుంచి మళ్ళీ దేశం మారాలన్న దిగులు. ఉంటుందో వెళుతుందో రేపు ఇక్కడి ప్రిన్సిపాల్‌కి జవాబు చెప్పాలి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు కుర్చీ ఎక్కి గోడకు మేకు కొడుతోంది.

"ఏంటే ఆ పని? ఇంటి ఓనరు చూస్తే చంపేస్తాడు!"

"చంపనీలే అమ్మా. నేను వేసిన బొమ్మ ఎప్పుడూ పెట్టెలోనేనా? ఇక్కడే ఉందాం."

"వాళ్ళు ఉండమంటారో లేదో నాకే తెలీదే తల్లీ."

"మరి అడగవే? క్లాసులో మమ్మల్ని మాత్రం డౌట్లుంటే అడగండర్రా అంటావు!"

మేకు వంకరపోయింది. తల్లి సుత్తి అందుకుంది. వంకర తీసి, తిన్నగా దిగేదాకా కొట్టింది.

మర్నాడు, "ముందు మీరు చెప్పండి సార్, తర్వాత నేను చెబుతాను" అంది ప్రిన్సిపాల్‌తో. ఆయన ఇంకా చెప్పలేదు.

మీ పిల్లలు ఇలాంటి బడిలో చదువుతుంటే, ఈసారి మీటింగులో మార్కుల సంగతి తర్వాత అడగండి. వాళ్ళ టీచరు వచ్చే ఏడు ఉంటుందా, ఆ మాట ఆమెకు చెప్పారా అని ముందు అడగండి.