జనవరికి సున్నా

నిజామాబాద్‌లో నేను సి ప్రోగ్రామింగ్ నేర్పే గదిలో మొన్న ఒక అమ్మాయి లేచి, "సార్, తారీఖులల్ల జనవరికి సున్నా ఎందుకు? ఒకటి పెడితే ఏం పోతుండె?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ భాష నెలలను సున్నా నుంచి లెక్కపెడుతుంది. జనవరి సున్నా, ఫిబ్రవరి ఒకటి. మనుషుల కోసం అచ్చువేసేటప్పుడు మనమే ఒకటి కలపాలి. కలపకపోతే ఏమవుతుందో ఆ అమ్మాయికి చెప్పలేకపోయాను.

కొన్నేళ్ల కిందట బోధన్ వైపు ఒక షుగర్ ఫ్యాక్టరీకి చెరకు కోత చీటీల ప్రోగ్రాం రాశాను. చీటీ మీది తేదీనే రైతు చెరకు కోయాలి, మర్నాడు లారీ వస్తుంది. ఆ ఒకటి కలపడం మరిచాను. రాసింది రెండోసారి చూసుకోవడం అప్పట్లో నాకు నామోషీ. జనవరి చీటీల్లో నెల దగ్గర సున్నా పడితే, మిషన్ సరిగా కొట్టలేదనుకుని గుమాస్తా ఓపిగ్గా అన్నిటి మీదా పెన్నుతో ఒకటి దిద్దాడు. నేను నొచ్చుకుంటానని నాతో అనలేదట. అంతటి మర్యాదస్తుణ్ణి మళ్లీ చూడలేదు. ఫిబ్రవరి చీటీల్లో రెండుకు బదులు ఒకటి పడింది, చూసేవాళ్లకు అది జనవరే కనుక ఎవరికీ అనుమానం రాలేదు. జనవరి మొదట్లోనే అవి ఊళ్లకు వెళ్లిపోయాయి.

ఆ వారం మోస్రా దగ్గర మా పెద్దబాపు చేనుకు వెళ్లాను. చెరకు చాటున ఎప్పుడూ కనబడని ఊరు ఆ రోజు గట్టు మీంచే కనబడింది. కోసిన చెరకంతా నేల మీద ఎండుతోంది. పుల్లటి వాసన.

"మూడొద్దులాయె, లారీ రాలే. తూకమంత ఎండకే పోతుంది. నీ కంపూటర్ జెప్పిన తారీఖుకే కోయిపిచ్చిన బిడ్డా," అని పెద్దబాపు చీటీ చాపాడు. ఆరు, ఒకటి. ఫ్యాక్టరీలో ఉండే లారీల జాబితాలో నెల అంకెతో కాక పేరుతో పడుతుంది, అక్కడ తప్పు లేదు. అసలు తేదీ ఫిబ్రవరి ఆరు. లారీ రావడానికి ఇంకా నెల ఉంది.

చెప్పేశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "గిసొంటి చీట్లు ఇంకెంతమందికి ఇచ్చిండ్రురా?" అన్నాడు. "నా చేను ఎట్లనో పాయె. రేపటి తారీఖున్నోళ్లు గిప్పుడు కూలోళ్లను మాట్లాడుతుంటరు. బండి తియ్యి," అంటూ వెనక ఎక్కి కూర్చున్నాడు.

వర్ని దారిలో మలుపు మలుపుకూ కత్తుల చప్పుడు. కొన్ని చేలకు ముందే చేరాం, కొన్నిటికి చేరలేకపోయాం. "ఆపుండ్రి!" అని ఆయన గట్ల మీద పరిగెత్తుతుంటే, సిగ్గుతో నేను తల ఎత్తలేదు. అప్పటి నుంచి కాలమంటే నాకు పక్కవాడి చేలో ఇంకా కత్తి పడని ఆ కాసేపే.