ఫిర్మాన్ పేరున్న పీపా

అర్లెట్ వదిన మహా మొండిది. కాంబ్రెమెర్ దారిలో ఆపిల్ సారా రుచి చూద్దామని కార్లలో వచ్చేవాళ్ళకి పీపాల కొట్టమంతా తిప్పి చూపించేది. మూలనున్న ఒక్క పీపాని మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

"మంచి సరుకు దాచేసుకున్నట్టున్నారే!" అన్నాడొక పారిస్ పెద్దమనిషి ఓసారి.

"అది మా ఆయనది. మీకు పోసింది తాగండి చాలు," అందావిడ.

ఫిర్మాన్ అన్న పుట్టిన రోజున వాళ్ళ నాన్న నింపించిన పీపా అది. మా వైపు అలాంటి పీపాని ఆ మనిషి పోయిన రోజున ఊరందరికీ పోసెయ్యాలి. అన్న ఓ చలికాలం ఓన్‌ఫ్లర్ రేవులో చేపల పడవెక్కాడు, మళ్ళీ రాలేదు. శవమూ దొరకలేదు.

"పోయాడని తెలిస్తే కదా పొయ్యడం!" అనేది వదిన.

ఏటా ఆకురాలే కాలంలో పుల్ల ముంచి పీపాలన్నీ కొలిచేది. దేవదూతల వాటా అంటాం మేము, ఆవిరై పోయేదాన్ని. అన్నిట్లోనూ రెండు వేళ్ళు తగ్గేది. అన్న పీపాలో మాత్రం తగ్గేది కాదు.

"చూశావా మార్సో, బతికే ఉన్నాడు!" అనేది.

నా మొహం, బతికుండటం! పీపాలు బిగించే పని నాది. మిగతా పీపాల్లోంచి తలా కాస్త తోడి అందులో పోసింది నేనే, పదకొండేళ్ళపాటు. జాలిపడి చేసిన వెధవ పని. దాన్ని నమ్ముకునే వదిన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. ఆ పాపం నాదే.

పన్నెండో ఏడు నడుం విరిగి నెలల తరబడి మంచంలో పడ్డాను. పొయ్యలేకపోయాను. కొలిచే రోజున కర్ర ఊతంతో వెళ్ళాను.

వదిన పుల్ల ముంచి పైకి తీసింది. తగ్గలేదు. పైగా రెండు వేళ్ళు పెరిగింది.

"వదినా, ఇన్నేళ్ళూ పోసింది నేనే. ఈ ఏడు ఒక్క చుక్క పొయ్యలేదు, ఒట్టు!"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పుల్ల చివర నాలుకకి తాకించుకుంది. తర్వాత పుల్ల నా చేతిలో పెట్టింది. నేనూ నాకి చూశాను.

ఉప్పు. అచ్చం సముద్రపు నీళ్ళ ఉప్పు.

"వచ్చేశాడు," అంది వదిన. "గ్లాసులు కడుగు మార్సో. ఊళ్ళో అందర్నీ రమ్మను."

ఆ సాయంత్రం ఊరంతా తాగింది. ఉప్పగా ఉందని ఒక్కరూ అనలేదు.