శశికళ చెప్పిన టెక్సస్ కథలు

డల్లాస్ పక్కనున్న ప్లేనో అప్పటికింకా సగం ఊరు, సగం పొలం. ఇటుక ఇళ్ళ వరస ఎక్కడ ఆగితే అక్కడినుంచి పచ్చిక మొదలయ్యేది. శశికళ ఇల్లు సరిగ్గా ఆ అంచున ఉండేది. పెరట్లో నిలబడితే చెక్క కంచె సందుల్లోంచి ఆవులు కనిపించేవి. వీధి గుమ్మంలో నిలబడితే ఎవరూ కనిపించేవారు కాదు.

కూరగాయలు కావాలంటే కారు, పోస్టాఫీసుకి కారు, పలకరించే మనిషి కావాలన్నా కారు. కారు లేక కాదు. కొత్త కారు కొన్నాక పాత టొయోటా గరాజ్‌లో దుప్పటి కప్పుకుని పడుంది. ఆదివారం పూట భర్త రామమోహనరావు ఆ దుప్పటి తీసి, గరాజ్ తలుపెత్తి, బ్యాటరీ చచ్చిపోకుండా కాసేపు ఇంజన్ ఆడించి, కదలకుండానే మళ్ళీ ఆపేసేవాడు. ఆ బండిని అమ్మేద్దామని ఎప్పుడూ అనలేదు. నువ్వు నడుపు అని కూడా అనలేదు.

ఆయన చెడ్డవాడు కాడు. ఎవరూ అడక్కపోయినా శశికళ ముందు ఆ మాటే చెప్పేది. ఆమె ఈ దేశం వచ్చిన ఏడాది, అంటే డెబ్భై తొమ్మిదిలో, ఆయన స్నేహితుడు జగదీష్ భార్య ఉషా హైవే మీద కారు ప్రమాదంలో పోయింది. జగదీష్‌ని పట్టుకుని ఆస్పత్రిలోకి నడిపించినవాడు రామమోహనరావే. ఆ రోజు ఏం చూశాడో శశికళకు ఎప్పుడూ చెప్పలేదు. కారు సంగతి ఎత్తితే మాత్రం, "చూద్దాంలే శశీ, తొందరేముంది," అనేవాడు. రోజూ మధ్యాహ్నం రిచర్డ్‌సన్‌లోని ఆఫీసు నుంచి ఫోన్ చేసేవాడు. "ఇంటికేమైనా తేవాలా?" అడిగింది ఏదీ తేకుండా రాలేదు. కరివేపాకు కోసం ఒకసారి డల్లాస్ అంతా తిరిగాడు. డ్రైవింగ్ రాత పరీక్షకి ఆయనే తీసుకెళ్ళాడు, ఎలాగూ పాసవదనే ధైర్యంతో. ఆమె పాసైంది. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఆ పర్మిట్ హ్యాండ్‌బ్యాగులో, తెనాలి నుంచి తెచ్చుకున్న కుంకుమ భరిణె పక్కన ఉండిపోయింది.

పక్కింటి ఎడ్నా వయసులో చాలా పెద్దది. ఈ నేల మీద పత్తి పండిన రోజుల నుంచీ ఇక్కడే ఉన్న మనిషి. ఒకరోజు కిరాణా సంచీ నిండా మెత్తటి అట్టల నవలలు తెచ్చి శశికళ వంటింటి బల్ల మీద పెట్టింది. ప్రతి అట్ట మీదా గుండీలు లేని చొక్కా మగవాడొకడు, గాలికి జుట్టెగిరే ఆడపిల్లొకతె, వెనకాల గుర్రమో, తుపానో.

"నీకు పగలు చాలా పొడుగని నాకు తెలుసు హనీ," అంది ఎడ్నా. "ఇవి దాన్ని కాస్త కత్తిరిస్తాయి."

"నిజంగా ఇలాగే ఉండేవారా అప్పటివాళ్ళు?"

"మా నాయనమ్మ ఆ రోజుల్లో ఇక్కడే కాపురం చేసింది. వారానికి ఒక్కసారైనా స్నానం చేసిన మగవాణ్ణి తన జన్మలో చూడలేదనేది."

"మరి ఇవెందుకు చదువుతారు?"

"అందుకే చదువుతాను," అంది ఎడ్నా.

శశికళ ముందుగా ఆ అట్టలకి అట్టలు వేసింది. కిరాణా సంచులే కత్తిరించి, చిన్నప్పుడు బడి పుస్తకాలకి వేసినట్టు మూలలు మడిచి, చక్కగా. ఆ గోధుమరంగు వరస చూసి రామమోహనరావు స్నేహితులతో, "మా ఆవిడ టెక్సస్ హిస్టరీ చదువుతోంది," అని గొప్పగా చెప్పేవాడు. అందులో అబద్ధమేం లేదు.

వంద ఏళ్ళ కిందటి కథలవి. ఎక్కడినుంచో ఒక పిల్ల, చేతిలో పెట్టెతో, ముక్కూమొహం తెలియని స్టేషన్‌లో దిగుతుంది. పెళ్ళాడబోయే మనిషిని అప్పటిదాకా చూసి కూడా ఉండదు. పెళ్ళిచూపుల్లో కాఫీ గ్లాసు అందించినంతసేపు చూసిన మనిషి కోసం విమానం దిగిన శశికళకి, ఆ పిల్ల ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ మగవాడు పెద్దగా మాట్లాడడు. చుట్టూ గడ్డి తప్ప మనిషన్నవాడు లేని చోట ఒక్క గది ఇల్లు. వానలు, జ్వరాలు, దొంగలు, అపార్థాలు. ముద్దుల దగ్గర శశికళ పేజీలు దాటించేది కాదు, చెవులు వేడెక్కుతున్నా చదివేది. కానీ వెనక్కి తిప్పి మళ్ళీ మళ్ళీ చదివింది మాత్రం వేరే పేజీ. ప్రతి పుస్తకంలోనూ చివరికొచ్చాక ఆ మొరటువాడు టోపీ తీసి చేత్తో పట్టుకుని ఆ పిల్ల ముందు నిలబడి, "నీకేం కావాలి?" అని అడుగుతాడు. అడిగి, ఆమె చెప్పేదాకా ఆగుతాడు.

అది చదివి తలెత్తితే, కంచెకి అవతల అదే గడ్డి, అదే గాలి. ఆ పిల్ల గుర్రం మీద తిరిగిన నేల పెరటి తలుపుకి పాతిక గజాల్లో ఉంది. వెళ్ళడానికి కంచెలో తలుపు లేదు.

శనివారాలు నాలుగు తెలుగు కుటుంబాలు ఎవరో ఒకరింట్లో కలిసేవి. మగవాళ్ళు హాల్లో పేకాట, ఆడవాళ్ళు వంటింట్లో. కబుర్లు కూరల దగ్గర మొదలై కూరల దగ్గరే ఆగిపోతుంటే, ఒక శనివారం శశికళ తాను చదివిన కథ చెప్పింది. మరుసటి శనివారం వాళ్ళే అడిగారు. క్రమంగా అది వారపత్రిక సీరియల్ అయిపోయింది. ఎక్కడ ఆపాలో ఆమెకి బాగా తెలుసు. గొంతు పెద్దది కాదు, కానీ గుర్రం గిట్ట రాయికి తగిలితే ఆ చప్పుడు వినిపించేలా చెప్పేది. ఆ గొంతు ఇప్పుడు లేదు. ఉన్నప్పుడు టేపు మీద పట్టుకోవాలని ఎవరికీ తోచలేదు.

పాత్రల పేర్లు ఎవరికీ గుర్తుండేవి కావు. ఆ పిల్ల "మన పిల్ల", అతను "గుర్రాలాయన". పుస్తకం మారినా పేర్లు అవే.

"అడిగిండా?" అనేది నళిని లోపలికి వస్తూనే, కారు తాళాలు బల్ల మీద పడేసి. ఆమెది వరంగల్. డల్లాస్ ఆస్పత్రిలో మత్తు డాక్టరు, తన కారు తనే నడుపుకుంటూ వచ్చేది.

"ఇంకా లేదు. జ్వరంలో ఉన్నాడు."

"మూడు వారాల నుంచి జ్వరమేనా? నాకు చూపెట్టమను, రెండ్రోజుల్ల డిశ్చార్జ్ చేస్త."

"మీకేం నళిని గారూ," అంది సుమతి, పూరీలు వత్తుతూ. "ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్తారు. మీకెందుకు ఈ కథలు?"

నళిని బల్ల మీది తాళాలు ఒకసారి అటు తిప్పింది. "డ్యూటీలు ఎన్ని చేస్తవని అడుగుతరు, జీతమెంతని అడుగుతరు," అంది. "ఏం కావాలని నన్ను మాత్రం ఎవరడిగిన్రు?"

కథలు మొదలైన ఏడాది వేసవిలో ఒక మధ్యాహ్నం శశికళ కూతురు రేణుకి జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. రామమోహనరావు ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాడు, ఫోన్ ఆయన దాకా పోలేదు. గరాజ్‌లో దుప్పటి కింద కారు, హ్యాండ్‌బ్యాగులో పర్మిట్, చేతుల్లో బిగుసుకుపోయిన పిల్ల. శశికళ చెప్పులు లేకుండా ఎడ్నా తలుపు దగ్గరికి పరుగెత్తింది. ఎడ్నా ఇంట్లో ఉండి, తన కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళింది కాబట్టి సరిపోయింది. రేణు సాయంత్రానికి లేచి ఐస్‌క్రీమ్ అడిగింది. రామమోహనరావు ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదు. తరవాత సెక్రటరీతో చెప్పి, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఏ మీటింగ్‌లో ఉన్నా పిలవాలని ఏర్పాటు చేశాడు. గరాజ్‌లో దుప్పటి అలాగే ఉంది.

శీతాకాలం మొదట్లో ఎడ్నా లబ్బక్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. మిగిలిన సంచులన్నీ శశికళకే ఇచ్చింది. పక్కింటి ముందు అమ్మకం బోర్డు పెట్టారు. ఆ సంచుల్లోని ఒక పుస్తకాన్ని శశికళ చివర చూసుకోకుండానే శనివారం చెప్పడం మొదలుపెట్టింది. సంక్రాంతి వెళ్ళిన వారం, తన ఇంట్లోనే, అందరూ చుట్టూ కూర్చున్నాక కథ వరద దాకా వచ్చింది. నది పొంగింది. గుర్రాలాయన మన పిల్లని గదిలో కూర్చోబెట్టి, బయటికొస్తే కొట్టుకుపోతావని, బయటి నుంచి గడియ వేసి పశువుల కోసం వెళ్ళాడు.

శశికళ ఆగింది.

"ఊఁ, తరవాత?" అంది సుమతి.

"ఇంతే. నిన్న చూశాను, చివరి పేజీలు ఊడిపోయాయి."

"ఊడిపోయినయా," అంది నళిని. "ఎడ్నా అడ్రస్ ఇయ్యి, లబ్బక్ పోయి అడిగొస్త."

"వచ్చి గడియ తీస్తాడు, అడుగుతాడు," అంది సుమతి. "ఎప్పుడూ అంతేగా."

"అతనే కొట్టుకుపోతే?" అంది ప్రమోద. ఆమె మాట్లాడేది తక్కువ, మాట్లాడితే ఇలాంటిదే.

టీ కోసం రామమోహనరావు లోపలికి వచ్చాడు, చేతిలో పేకముక్కలు అలాగే పట్టుకుని. నళిని ఆయన్ని ఆపేసింది.

"రామమోహన్ గారూ, మీరే చెప్పుండ్రి. బయట వరద. భార్యని లోపల పెట్టి గడియ ఏసి పోయిండు. కరెక్టేనా?"

ఆయన నవ్వలేదు. కాసేపు నిజంగానే ఆలోచించాడు. "కరెక్టే కదండీ. బయటికొస్తే చచ్చిపోతుంది. ప్రేమ లేకపోతే గడియ ఎందుకు వేస్తాడు?"

"నీళ్ళు గదిలోకే వస్తేనో?"

ఆ మాట అన్నది శశికళ. పొయ్యి వైపు తిరిగి, టీ వడపోస్తూ అంది. హాల్లోంచి ఎవరో ఆటకి రమ్మని పిలిచారు. రామమోహనరావు చేతిలో ముక్కల వంక చూసుకున్నాడు.

"అంత దూరం ఆలోచించి ఉండడు," అన్నాడు మెల్లగా. టీ తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. ఆయన గరాజ్‌లో దుప్పటి తీసి ఇంజన్ వేశాక, శశికళ వెళ్ళి కారు పక్కన నిలబడింది. ఇన్నేళ్ళూ నేర్చుకుంటే ఉపయోగం కదండీ అనేది, రేణుకి మంచిది కదండీ అనేది. ఈసారి ఆ మాటలేవీ పెట్టుకోలేదు.

"నాకు నడపాలనుంది," అంది.

"ఉషా కూడా..." అని ఆగిపోయాడు.

"ఉషా ఆరేళ్ళు నడిపింది. ఆ ఆరేళ్ళ సంగతి ఎవరూ చెప్పరు."

ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాడు. తరవాత దిగి, అటు తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుంటాడని ఆమె అనుకోలేదు. అలా కూర్చోనూ లేదు. "రేణుని తీసుకురా, బడి పార్కింగ్‌కి వెళ్దాం. అక్కడిస్తాను," అన్నాడు.

బడి మూసి ఉంది. పార్కింగ్ చుట్టూ ఇనప కంచె, ఒకే గేటు. సీట్లు మారారు. రేణు వెనక సీట్లో బొమ్మతో కూర్చుంది. శశికళ ఆయన చెప్పినట్టు తెల్లగీతల మధ్య మెల్లగా నడిపింది, మూల దగ్గర తిప్పింది, మళ్ళీ నడిపింది. రామమోహనరావు ఎడమ చెయ్యి రెండు సీట్ల మధ్యనున్న హ్యాండ్‌బ్రేక్ మీద ఉంది. ఒక్కసారీ తియ్యలేదు. కంచె పక్కగా వెళ్ళినప్పుడల్లా అవతల గడ్డి ఆమెతో పాటు తిరిగేది, కంచె ఊచలతో ముక్కలైపోయి.

"బాగానే చేస్తున్నావు. ఇవాళ్టికి చాలు," అన్నాడు.

ఆమె ఇంకో చుట్టు తిప్పింది. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి తనంతట తనే సిగ్నల్ వేసింది. బండి ఆగింది. సిగ్నల్ టిక్ టిక్ మంటోంది.

ఆయన గేటు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఎక్కడికెళ్ళాలి నీకు?" అన్నాడు. కోపంతో కాదు, వెటకారంతో కాదు. తెలుసుకుందామని అడిగాడు. అడిగి, ఆగాడు.

ఎన్ని పుస్తకాల్లో చదివిందో ఆ ప్రశ్న. ప్రతి పిల్లకీ జవాబు నాలుక మీదే ఉండేది. శశికళ తన జవాబు కోసం వెతుక్కుంది. కూరగాయల కొట్టు, పోస్టాఫీసు, నళిని ఇల్లు. అవన్నీ ఆయన తీసుకెళ్ళే చోట్లే. ఎడ్నా ఉంటే ఎడ్నా దగ్గరికి అనేది, పక్కింటికే అయినా. అడిగేవాళ్ళ కోసం ఇన్నేళ్ళు చూసింది గానీ, ఏం చెప్పాలో చూసుకోలేదు.

"తెలీదండీ," అంది. "ముందు ఈ గేటు దాటనివ్వండి."

వెనక నుంచి రేణు, "అమ్మా, ఆర్ వీ గోయింగ్?" అంది.

ఆయన చెయ్యి బ్రేక్ మీదే ఉంది. శశికళ రెండు వైపులా చూసింది, మళ్ళీ ఒకసారి చూసింది. రోడ్డు ఖాళీగా ఉంది. మెల్లగా కుడివైపుకి తిప్పింది.