మా బావి తియ్యదనం

నా చిన్నప్పుడు పొద్దున్నే మా బావి దగ్గర పల్లపు వీధి ఆడవాళ్లు బిందెలతో బారులు తీరేవారు. మన నీళ్లు తియ్యగా ఉంటాయి, అందుకే అంతదూరం నుంచి వస్తారని నాన్నగారు చెప్పేవారు. ఆ మాట బళ్లో ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో! ఎవరినీ కాదనవద్దని ఆయన అమ్మకు గట్టిగా చెప్పడం చూసి, అంత మంచివారు ఊళ్లో లేరనుకునేదాన్ని.

పక్కింటి అక్క రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ చదువుతూ, పాఠం చెప్పడం నేర్చుకోవడానికి మా బడికే వచ్చింది. రోజూ నాకు జడ వేసే అక్క మాకు టీచరయిందని నా కాళ్లు నేలమీద నిలవలేదు. ఒకరోజు బల్లమీద రెండు గాజు గ్లాసులు పెట్టింది. ఒకదానిలో కాలవలోకి కొత్తగా వచ్చిన గోదావరి ఎర్రనీళ్లు, రెండోదానిలో తేటనీళ్లు. ఏవి మంచివంటే అందరం తేటనీళ్లన్నాం. నన్ను పిలిచి తాగమంది. అక్క ఇచ్చింది కదా అని గటగటా తాగేశాను. నోరంతా ఉప్పు! ఉమ్మేస్తే క్లాసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అవి పల్లపు వీధి బావి నీళ్లని అక్క అప్పుడు చెప్పి, ఎందుకు ఉప్పగా మారాయో ఆలోచించమంది. ఆ వీధి పిల్ల ఒకతె లేచి, "మా బావి పక్కన వీళ్ల నాన్నగారు రొయ్యల చెరువు తవ్వించి ఉప్పునీళ్లు పెట్టాకేనండి" అంది. అందరూ నావైపు తిరిగారు. అక్క మాత్రం నాకేసి చూడలేదు. అంటే ముందే తెలుసన్నమాట.

ఇంటికెళ్లి అంతా చెప్పాను. అబద్ధమని నాన్నగారు కేకలేస్తారని, అక్కను నిలదీస్తారని ఎదురుచూశాను. ఆయన పేపరు మడిచి, నెమ్మదిగా, "అందుకేగా తల్లీ, మన బావిలో తోడుకోమన్నాను" అన్నారు.

అక్క చేసిన మోసం పాఠం కోసం. కొన్నాళ్లు అలిగి, మళ్లీ నేనే జడకు వెళ్లి కూర్చున్నాను. నాన్నగారిది అలా మరిచిపోయేది కాదు.

ఇప్పుడు టీచర్లు కాబోయేవాళ్లకు నేను పాఠాలు చెబుతున్నాను. పర్యావరణం పాఠమనగానే మొక్కలు నాటాలి, నీరు కాపాడాలి అని అట్టలమీద రంగులతో రాసుకొస్తారు. ఆ నీరు ఎవరివల్ల పాడయిందో పిల్లలచేత అడిగించండి అంటాను. అలా అడిగిన పిల్ల ఇంటికెళ్లి ఏం వినాల్సివస్తుందో కూడా ఆలోచించుకోండి అంటాను.

నాన్నగారు పోయి చాలాకాలమైంది. ఆయన చేసిన మంచి ఏది గుర్తొచ్చినా, ఇది దేన్ని కప్పిపుచ్చడానికో అనిపిస్తుంది. కన్నతండ్రి గురించి అలా అనిపించేలా చేసినందుకు ఆయనమీద నాకు ఇప్పటికీ కోపమే.