ట్యాంకు నింపిన రోజే వచ్చే వాసన

మా వ్యానులో పెట్రోల్ వాసన వస్తోందని మొదట కనిపెట్టింది కడుపుతో ఉన్న పిల్ల. మేమెవరమూ నమ్మలేదు.

వ్యాను మా ఆయనది. మూడు చేతులు మారి మా దగ్గరికి వచ్చిన పాత బండి. పుప్పాలగూడ నుంచి నాతో కలిపి ఏడుగురు ఆడవాళ్ళం అందులో హైటెక్ సిటీకి పోయి, ఒక పెద్ద ఆఫీసులో అంతస్తులన్నీ ఊడ్చి తుడిచి వస్తాం. ఆ పిల్ల మా అందరిలోకీ చిన్నది. మూడో నెల. ఒక సోమవారం పొద్దున వెనక సీట్లో కూర్చుంటూనే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"అక్కా, పెట్రోల్ వాసనొస్తుంది."

"మొన్న నా తలనూనె వాసనన్నవ్. ఇంకోనాడు గోడకేసిన సున్నం వాసనన్నవ్. ఇయ్యాల పెట్రోలా?" అన్నాను. వ్యానంతా నవ్వింది. వేవిళ్ళ ముక్కు కదా, దానికి తగలని వాసన ఉంటుందా అనుకున్నాం.

పైగా మేము పొద్దంతా ఫినాయిల్‌తో, అద్దాలు తుడిచే నీలం మందుతో పనిచేసేవాళ్ళం. సాయంత్రం మా చీరలూ చేతులూ అవే వాసన కొడతాయి. అందులో పెట్రోల్ కూడా కలిస్తే ఎవరు పోల్చుకుంటారు?

మూడో సోమవారం తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. గచ్చిబౌలి దగ్గర మలుపు తిరగగానే నాకూ గుప్పుమంది. వెనక్కి తిరిగి చూస్తే ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. నన్ను చూసి ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికే నాకు సిగ్గనిపించింది.

"ఏమయ్యా, ఇది పెట్రోలే."

"పాత బండి, జర వాసన రాదా? ఫికర్ చెయ్యకు, ఇంకో రెండు అగరొత్తులు ముట్టిస్తే పోతది" అన్నాడు మా ఆయన.

స్టీరింగు ముందు ఎల్లమ్మ పటం ఉండేది. రోజూ దానికి రెండు అగరొత్తులు వెలిగించేది నేనే. మర్నాటి నుంచి నాలుగు వెలిగించాను.

ఆ ఆదివారం నార్సింగిలో మాకు తెలిసిన, బండ్లు బాగుచేసే ముసలి మిస్త్రీ దగ్గరికి తీసుకుపోయాం. ఆదివారమే మాకు సెలవు. ఆయన సీటు లేపి, ఇంజను దగ్గర పైపులన్నీ తడిమి, ఒక క్లిప్పు మార్చి, "ఏం లేదమ్మా, అంతా మంచిగనే ఉంది" అన్నాడు. సంతోషంగా ఇంటికొచ్చాం.

తెల్లారి సోమవారం మళ్ళీ అదే వాసన. ఆ పిల్ల దారిలో బండి ఆపించి, రోడ్డు పక్కన కూర్చుని వాంతి చేసుకుంది. నోరు కడుక్కుని వచ్చి, "అన్నా, రేపటి సంది నేను రాను. పని పోతే పోనీ. కడుపుల బిడ్డకు ఏమన్న అయితదని భయమైతుంది" అంది.

మా ఆయన ముఖం వాడిపోయింది. "చెల్లె, నువ్వే కాదు, ఇది దొరికేదాక ఇందుల ఎవ్వర్నీ ఎక్కించ" అన్నాడు.

ఆ సాయంత్రం గడప దగ్గర బియ్యం ఏరుకుంటూ నేను రోజులు ఒక్కొక్కటే తిరగేసుకున్నాను. నాకు చదువు లేదు గానీ జరిగింది మరిచిపోను. సోమవారం గుప్పుమంటుంది, మంగళవారం కొంచెం. పోయిన బుధవారం ఆ పిల్ల వ్యానులోనే రెండు వడలు తింది. వాసనుంటే తింటుందా? గురువారం కిటికీ మూసుకుని కూర్చుంది.

"ఏమయ్యా, సోమవారం పొద్దుగాల నువ్వేం చేస్తవ్?"

"ట్యాంకు నింపుత. తెల్వదా నీకు?"

తెలుసు. వారం మొదట్లో ట్యాంకు నిండితే వారమంతా ఇల్లు నిండుగా ఉంటుందని ఆయన నమ్మకం. బంకులో మీటరు ఆగినా ఊరుకోడు. బండిని భుజంతో అటూ ఇటూ ఊపి, పెట్రోల్ మూత దగ్గర కంటికి కనిపించేదాకా పోయిస్తాడు.

"మరి నిన్న మిస్త్రీ దగ్గరికి పోయినప్పుడు ట్యాంకుల ఎంతున్నది?"

"అడుగున ఇంత" అన్నాడు వేళ్ళు చూపించి. ఆ వేళ్ళు అట్లాగే ఆగిపోయాయి.

మంగళవారం ఇద్దరం పని మానుకుని, గొంతుదాకా పెట్రోల్ పోయించి మిస్త్రీ దగ్గరికి పోయాం. ఆయన బండిని గట్టిగా ఊపి, టార్చితో కిందికి దూరాడు. కాసేపటికి "దొరికింది!" అని అరిచాడు. మూత నుంచి ట్యాంకులోకి పోయే రబ్బరు పైపు పైభాగాన పగిలి ఉంది. నిండితేనే పెట్రోల్ అక్కడిదాకా వస్తుంది. మలుపులో ఎగిరి పగులులోంచి కారుతుంది. వెనక సీటు కింద రేకుకు తుప్పుపట్టి పడిన చిల్లు ఉంది, వాసన అందులోంచి లోపలికి వస్తుంది.

మిస్త్రీ లేచి చేతులు తుడుచుకుంటూ పటం ముందున్న బూడిద చూశాడు.

"ఇదేంది భాయ్? వెనక పెట్రోల్ కారుతుంటే ముందట నిప్పా? ఇంతమందిని కూసోబెట్టుకొని? మీ అమ్మవారు సల్లగ సూసింది, పో."

షాపు ముందున్న టైరు మీద కూర్చుండిపోయాను. ఏడుగురం ఆడవాళ్ళం, మా ఆయన. కడుపులో బిడ్డతో తొమ్మిది. అగ్గిపుల్ల గీసింది ఈ చేతులే.

మధ్యాహ్నానికి కొత్త పైపు పడింది, చిల్లుకు రేకు అతికాడు. మళ్ళీ నిండా పోయించి, కిటికీలన్నీ మూసి, ఇద్దరమే లింగంపల్లిదాకా పోయి వచ్చాం. ప్రతి మలుపులో నేను వెనక సీటు కిందికి వంగి వాసన చూశాను. దుమ్ము వాసన తప్ప ఏమీ లేదు.

బుధవారం పొద్దున ఆ పిల్ల గదికి పోయాను.

"నవ్విన, తప్పయింది. ఒక్కసారి ఎక్కి సూడు. వాసనొస్తే నీతోపాటు నేను గూడ దిగుత."

ఆమె నమ్మీ నమ్మక ఎక్కి, కొంగు ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చుంది. గచ్చిబౌలి మలుపు దగ్గరపడేసరికి బండిలో అందరూ ముక్కులు ఎగబీల్చి వాసన చూస్తున్నారు. మలుపు తిరిగింది. భయంభయంగా వెనక్కి చూశాను. కొంగు ఒళ్ళో పడి ఉంది. పక్కామె భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"గురక వెడ్తుంది సూడక్కా" అంది పక్కామె.

"లేపకుండ్రి" అన్నాడు మా ఆయన. తర్వాతి గుంత దగ్గర బండిని నడకంత నెమ్మది చేశాడు.