రోజుకు మూడు డౌట్లు

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే: డౌటు. బీపీ లేదు, షుగరు లేదు, అరవై దగ్గర పడుతున్నా కళ్ళజోడు లేదు. డౌటు మాత్రం పొద్దున్న లేవగానే మొదలై నిద్రపట్టేదాకా తగ్గదు. నిద్రలో కూడా "అంటే?" అని కలవరిస్తాడని పిన్ని చెబుతుంది.

బాబాయి అన్నాను కదా అని రక్తసంబంధం అనుకోకండి. ఆయన తాపీ మేస్త్రీ, నేను వడ్రంగిని. ఇరవై ఏళ్ళుగా ఆయన గోడల్లో వదిలిన ఖాళీల్లో నా తలుపులూ కిటికీలూ కూర్చుంటున్నాయి. సందు పూడ్చడానికి చెక్కముక్క కొట్టాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. ఆ ఒక్క కారణానికే ఆయన డౌట్లన్నీ భరించాను.

ఒకసారి జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఈ మాత్ర భోజనం తర్వాత వేసుకోండి," అన్నాడు డాక్టరు.

"ఎంత తర్వాత?"

"వెంటనే."

"చెయ్యి కడుక్కున్నాకా, కడుక్కోకముందా?"

"మీ ఇష్టం."

"నా ఇష్టమైతే మీ దాకా ఎందుకొస్తాను?"

డాక్టరు సొరుగు లాగి, తలనొప్పి మాత్ర తీసి, తనే వేసుకున్నాడు. భోజనానికి ముందే.

పెళ్ళైన కొత్తలో పిన్ని ముచ్చటపడి "నేనంటే మీకిష్టమేనా?" అని అడిగిందట. "ఇప్పుడా, మొత్తమ్మీదా?" అన్నాడట ఈయన. ముప్పై రెండేళ్ళయింది. పిన్ని ఆ ప్రశ్న మళ్ళీ వెయ్యలేదు.

ఇలాంటి మనిషికి పరీక్ష వచ్చి పడింది.

ఊళ్ళో కొత్త నిబంధన పెట్టారు. ఇకమీద ఏ పనికైనా అనుమతి దరఖాస్తు మీద లైసెన్సున్నవాడే సంతకం పెట్టాలి. లైసెన్సు కావాలంటే కట్టడాల చట్టం, అనుమతుల పద్ధతి మీద పరీక్ష రాయాలి. నూటికి డెబ్బై వస్తే పాసు. చేతిపని ఎంత వచ్చినా సరే, అర్జీ ఎవరికి పెట్టాలి, ఎన్నాళ్ళలో పెట్టాలి, కాదంటే ఎక్కడ మొరపెట్టుకోవాలి అన్నది రాకపోతే నువ్వు ఇంకొకరి సంతకం కింద కూలివాడివే.

ఇనప సామాన్ల కొట్టు మేడమీద, రంగు డబ్బాల మధ్య, వారానికి మూడు సాయంత్రాలు క్లాసు పెట్టారు. అనుమతుల ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరైన ఒకాయన మాస్టారు. మేం పద్నాలుగు మందిమి. మిగతావాళ్ళను వదిలేసినా ఇద్దరి గురించి చెప్పాలి.

ఒకతను కాంట్రాక్టరుగారి దగ్గర లెక్కలు చూసే కుర్రాడు. సిమెంటు బస్తాను ఏనాడూ తాకని చొక్కా అతనిది. అందుకే ఇస్త్రీ చొక్కా అని పిలిచేవాళ్ళం.

రెండో మనిషి టైల్స్ అక్క. పదిహేనేళ్ళుగా నేలలు పరుస్తోంది. ఆమె పరిచిన గదిలో గోళీకాయ వదిలితే ఎటూ దొర్లకుండా వదిలినచోటే నిలబడుతుంది. ఆమె కింద నలుగురు ఆడవాళ్ళు పని నేర్చుకుని ఒక జట్టయ్యారు. వాళ్ళంతా ఒక పెద్ద మేస్త్రీ సంతకం కింద పనిచేస్తున్నారు. ఆ పెద్దాయన మోకాళ్ళ నొప్పులతో పని మానేస్తానన్నాడు. అక్కకు లైసెన్సు వస్తే జట్టు ఆమెది. రాకపోతే ఐదుగురూ తలో దిక్కూ పోయి, మళ్ళీ తట్టలు మొయ్యాల్సిందే. నేలల పనికి ఈ పరీక్ష ముందు నుంచే ఉంది; ఆమె ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే రెండేళ్ళు కూర్చోవాలని రూలు. ఇదీ ఆమె పరిస్థితి. చదువు ఐదో తరగతి. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివేది.

మొదటి రోజు మాస్టారు పాఠం మొదలుపెట్టారు. "అనుమతి నిరాకరించినచో ముప్పై పనిదినములలోపు అప్పీలు చేసుకొనవలెను."

వెనక బల్ల నుంచి అక్క మెల్లగా అడిగింది. "సార్, వాన పడి పని ఆగిపోతే ఆ రోజు లెక్కలోకి రాదు కదండీ? ఆదివారం పని ఉంటే వస్తుంది కదా?"

ఇస్త్రీ చొక్కా పగలబడి నవ్వాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. నిజానికి నా లెక్క కూడా అదే. రోజుకూలీకి పనిదినం అంటే పని దొరికిన దినమే కదా! కానీ పదిమంది నవ్వుతుంటే నవ్వేవాళ్ళలో ఉండటం క్షేమం. అక్క తల దించుకుంది. ఆ తర్వాత నోరు విప్పలేదు.

తర్వాతి క్లాసు నుంచి బాబాయి జబ్బు ముదిరింది.

"సార్, మొన్నటి పనిదినం. అది మా పనా, మీ పనా?"

"ఆఫీసు పనయ్యా. ఆఫీసు తెరిచి ఉన్న రోజులు. ఆదివారాలూ సెలవులూ తీసెయ్యాలి. వానకీ దానికీ సంబంధం లేదు."

"ఆఫీసు తెరిచిన దినమా, తెరిచి పని చేసిన దినమా సార్? రెండూ ఒకటి కావు కదా?"

ముప్పై ఏళ్ళు ఆ ఆఫీసులో పనిచేసిన మాస్టారు కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "తెరిచిన దినమే," అన్నారు చివరికి.

అక్కడితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు?

"తనిఖీ అధికారి ఏ సమయమునందైనను రావచ్చును," అని చదివారు మాస్టారు.

"వచ్చును అంటే వస్తాడనా, వస్తే రావచ్చనా?"

"రావడం మానడం ఆయన ఇష్టం."

"మరి మనం?"

"మనం పనిస్థలంలో ఉండవలెను."

"అంటే ఆయనకు వచ్చును, మనకు వలెనా సార్?"

"అంతే! చట్టంలో వలెను అంటే తప్పదు, వచ్చును అంటే ఇష్టం. రాసుకోండి."

అందరం రాసుకున్నాం. తర్వాత అనుమతి పత్రం సంగతి వచ్చింది. పని మొదలెట్టకముందే దాన్ని పనిస్థలంలో అందరికీ కనపడేలా ప్రదర్శించాలి.

"గోడకు తగిలించాలా సార్?"

"ఆఁ, తగిలించు."

"గోడ ఇంకా కట్టలేదు కదా!"

"కర్ర పాతి తగిలించవయ్యా!"

"కర్ర పాతడం పని మొదలెట్టినట్టు కాదా?"

మాస్టారు సుద్దముక్క కింద పెట్టి కూర్చున్నారు. ఇంకోరోజు, యజమాని మరణిస్తే వారసులు ఆఫీసుకు తెలపాలన్న పాఠం వచ్చింది. "మేస్త్రీ పోతే ఎవరు చెప్పాలి సార్?" అన్నాడు బాబాయి. "అంత అదృష్టమా!" అన్నారు మాస్టారు పైకే.

ఇంట్లో పిన్ని పరిస్థితి ఇంకా ఘోరం. "కాఫీ తాగొచ్చు" అంటే "తాగొచ్చు అన్నావు, అంటే నా ఇష్టం" అని పేపరు తిరగేసేవాడు. రెండు రోజులు ఓపిక పట్టి మూడోనాడు "తాగవలెను!" అని గ్లాసు ఠంగున పెట్టింది. మారుమాట లేకుండా తాగాడు.

క్లాసులో మాత్రం గొడవ మొదలైంది. పాఠాలు నత్తనడక నడుస్తున్నాయని ఇస్త్రీ చొక్కా ఫిర్యాదు చేశాడు. మాస్టారు బాగా ఆలోచించి కొట్లోంచి ఇనప వాషర్లు తెప్పించారు. క్లాసు మొదట్లో మనిషికి మూడు వాషర్లు ఇస్తారు. ఒక డౌటుకు ఒక వాషరు ఆయన డబ్బాలో వెయ్యాలి. అయిపోతే నోరు మూసుకోవాలి.

"ఒకే డౌటుకు రెండు భాగాలుంటే సార్?"

"అదొక డౌటు. వెయ్యి వాషరు!"

ఠంగుమంది డబ్బా. హమ్మయ్య అనుకున్నాం. పది నిమిషాల్లో మూడూ అయిపోయాయి. అప్పుడు బాబాయి మోచేత్తో నన్ను పొడిచాడు.

"నీకు డౌట్లున్నాయా?"

"లేవు బాబాయ్."

"అయితే నీ వాషర్లిటు పడెయ్. వెళ్ళేటప్పుడు టీ ఇప్పిస్తా."

వారం తిరిగేసరికి క్లాసు క్లాసంతా తమ వాషర్లను ఆయనకు అమ్ముకుని టీలు తాగుతోంది. సింగిల్ టీకి ఒకటి, బిస్కెట్టు కూడా ఉంటే రెండు. ఇస్త్రీ చొక్కా సైతం రోజూ మూడూ ఇచ్చేసి, గొణుక్కుంటూ బిస్కెట్లు తినేవాడు. అక్క ఒక్కతే తన మూడింటినీ ఎవరికీ ఇవ్వలేదు, వాడలేదు. సాయంత్రం లేచేటప్పుడు భద్రంగా మాస్టారికి అప్పగించేది.

పరీక్ష మూడు వారాల్లోకి వచ్చింది. ఒకరోజు అక్క రాలేదు. ఎక్కడో వంటగది నేల ఆ రాత్రికే అప్పగించాలట.

ఆరోజు పాఠం మా అందరికీ భయమైనది: పని నిలుపుదల ఉత్తర్వులు, జరిమానాలు, గడువులు. బాబాయి దగ్గర పదిహేడు వాషర్లు పోగయ్యాయి. మేం సిద్ధపడి కూర్చున్నాం. మాస్టారు ఒక వాక్యం చదివి ఆగారు. డౌటు రాలేదు. ఇంకోటి చదివి ఆగారు. రాలేదు. గంటన్నర క్లాసు నలభై నిమిషాల్లో అయిపోయింది. మాస్టారే బల్ల దగ్గరికి వచ్చి బాబాయి నుదురు మీద చెయ్యి పెట్టి చూశారు.

"ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది సార్. పాఠం శుభ్రంగా అర్థమైంది."

తర్వాతి క్లాసుకు అక్క వచ్చింది. మాస్టారు కొత్త పాఠం తెరిచారో లేదో బాబాయి లేచాడు. "సార్, మొన్నటి నిలుపుదల ఉత్తర్వు. అది చేతికందిన రోజు నుంచా గడువు, రాసిన రోజు నుంచా?"

"మొన్న అర్థమైందన్నావుగా!"

"ఇంటికెళ్ళాక పోయింది సార్."

ఠంగు, ఠంగు, ఠంగు. పదిహేడు వాషర్లూ పడ్డాయి. పోయిన పాఠమంతా మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ చెప్పించాడు. మేమంతా తలలు పట్టుకున్నాం. అప్పుడు చూశాను. బాబాయి బల్లమీద ఎప్పుడూ గోడకు వీపానించి పక్కవాటుగా కూర్చుంటాడు. నడుం నొప్పేమో అనుకునేవాణ్ణి. అలా కూర్చుంటే మాస్టారు సరిగ్గా కనపడరు. వెనక బల్ల కనపడుతుంది. అక్క వేలు పుస్తకంలో ఒక మాట మీద ఆగింది. బాబాయి చెయ్యి లేచింది. జవాబు వచ్చింది. అక్క వేలు కదిలింది.

టీకొట్టు దగ్గర పట్టుకున్నాను. "బాబాయ్, ఆ డౌట్లన్నీ నీవి కావు కదూ?"

"నావి కాక నీవా?"

"అక్క రాని రోజు ఒక్కటీ రాలేదేం?"

బాబాయి టీలోకి ఊదుకున్నాడు. "గోడ కడుతున్నాం. కింది వరసలో ఒక ఇటుక కదులుతోంది. ఏం చేస్తాం?"

"సరిచేస్తాం."

"ఇటుకను తిడతామా?"

"ఇటుకనెందుకు తిట్టడం?"

"ఊళ్ళో అందర్నీ పిలిచి చూపిస్తామా?"

"లేదు."

"కాస్త సిమెంటు మాలు వేసి, కర్రతో మెల్లగా తట్టి, పై వరసకెళ్తాం. అంతే కదా. టీ తాగు, చల్లారిపోతోంది."

"పోనీ పక్కన కూర్చుని నువ్వే చెప్పెయ్యొచ్చుగా?"

"నేను చెబితే నా తప్పులు కూడా నేర్చుకుంటుంది. జీతమిచ్చి మాస్టార్ని పెట్టుకున్నదెందుకు? అయినా సగం డౌట్లు నిజంగా నావేరా. ఆ కర్ర పాతే సంగతి నాకిప్పటికీ తేలలేదు."

ఎంతవరకు నిజమో నాకు తెలియదు. కానీ ఆరోజు నుంచి నా మూడు వాషర్లకూ టీ పుచ్చుకోవడం మానేశాను.

పరీక్ష రాశాం. పన్నెండు రోజులకు ఆఫీసు గోడమీద మార్కుల కాగితం అంటించారు. నాకు డెబ్బై నాలుగు. ఇస్త్రీ చొక్కాకు డెబ్బై ఎనిమిది. పరీక్షలు చొక్కా చూసి మార్కులు తగ్గించవు. బాబాయికి సరిగ్గా డెబ్బై.

అక్కకు ఎనభై ఆరు. అందరికంటే ఎక్కువ.

ఆమె కాగితం మీద వేలు పెట్టి, తన నంబరు నుంచి మార్కుల దాకా గీత గీసినట్టు తెచ్చి, మళ్ళీ మొదటి నుంచి తెచ్చింది. మూడోసారి తెచ్చాక గేటువైపు తిరిగి చెయ్యి ఊపింది. గేటు దగ్గర నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారి పెట్టిన కేకకు ఆఫీసు లోపలి గుమస్తాలు కూడా బయటికొచ్చారు. పనిదినం కదా, అందరూ ఉన్నారు.

కళ్ళు తుడుచుకుంటూ అక్క మా దగ్గరికొచ్చింది. బాబాయిని చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బాబాయ్‌గారూ, మీకో దండం! మూడు నెలలు మీ డౌట్లతో నా చెవులు తూట్లు పడ్డాయి. మీరు కాస్త నోరు మూసుకుని ఉంటే మాస్టారు ఇంకో రెండు అధ్యాయాలు చెప్పేవారు. నాకు తొంభై దాటేవి!"

నాకు ఒళ్ళు మండింది. "అది కాదక్కా, అసలు ఆయన..." అన్నాను. అంతలో ఇటుకల బరువంత బరువు నా పాదం మీద పడింది. చూస్తే బాబాయి కాలు.

"నిజమేనమ్మా," అన్నాడు బాబాయి. "నా బుర్ర మట్టి బుర్ర."

అక్క మెత్తబడింది. "మీకెన్నొచ్చాయి?"

"డెబ్బై."

"అయ్యో, బొటాబొటీనా! పోనీలెండి, గట్టెక్కారు." ఆమె గొంతు తగ్గించి, దగ్గరికి జరిగింది. "ఇకమీద దరఖాస్తుల్లో ఏదైనా అర్థం కాకపోతే నన్నడగండి బాబాయ్‌గారూ. మొహమాటపడకండి. నలుగురిలో అడిగి నవ్వులపాలు కావడమెందుకు?"

బాబాయి బుద్ధిగా తల ఊపాడు. "అలాగేనమ్మా. నిన్నే అడుగుతాను," అన్నాడు. ఈ ఇరవై ఏళ్ళలో ఎన్ని మేడలు కట్టినా ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

చూస్తూ నిలబడ్డాను. కదులుదామంటే, నా పాదం ఇంకా ఆయన కాలికిందే ఉంది.